నవ్వితే పని ఆపాలి

పోయిన వారం చిలక మూతి మీద హెల్మెట్ పడ్డ చప్పుడు దగ్గర ఆగాం. ఆ చప్పుడు వినని కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

పాత కట్టడాలు కూల్చే గుంపు ఇది. దీన్ని పోగుచేసి, పెంచి, మొన్నమొన్నటి దాకా నడిపిన మనిషిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఒకప్పుడు ఓ గోదాము కూలుస్తుంటే అటు పడాల్సిన గోడ ఇటు పడింది. శవాలు బయటికి తీశాక ఒక్కొక్కడూ పెద్దాయన దగ్గరికొచ్చి, నాకు ముందే అనుమానం వచ్చిందండీ అన్నాడు. మరి అప్పుడే ఎందుకు ఏడవలేదురా అని అడిగితే, మీరు చెప్పాక మేమేం చెబుతామండీ అన్నారు. ఆ రోజు నుంచి పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. తను పని ఎలా చెయ్యాలో చెప్పగానే, గుంపులో చిలక అనేవాడు లేచి అదే మాటని పెద్దాయన గొంతుతో, పెద్దాయన చేతులూపుతో మళ్ళీ చెప్పాలి. వింటున్నవాళ్ళలో ఒక్కరు నవ్వినా పని ఆగాలి, పథకం మారాలి. ఎవరూ నవ్వకపోతేనే సమ్మెటలు లేవాలి. ఎదురు చెప్పడానికి దడిసేవాడు కూడా నవ్వు ఆపుకోలేడని ఆయన నమ్మకం.

చిలక చెబితే వినాలి. "ఒరే, ఈ గోడతో నేను పొద్దున్నే మాట్లాడానురా, మీ వైపు పడనని ఒట్టేసింది" అని పెద్దాయన గొంతుతో అన్నాడంటే, పెద్దాయనే ముందు నవ్వి, సర్లే తాళ్ళు కట్టండెహె అనేవాడు. ఆ తాళ్ళ వల్ల బతికినవాళ్ళు ఈ గుంపులో చాలామంది ఉన్నారు.

పెద్దాయన పోయాడు. కొడుకు చినబాబు చేతికి పెత్తనం వచ్చింది. ఇప్పుడు కూల్చేది పాత సినిమా హాలు. దాన్ని వారంలో నేలమట్టం చేసి ఇస్తానని స్థలం కొన్నవాళ్ళకి మాటిచ్చేసిన చినబాబు, బాల్కనీ మీద ఆడవాళ్ళు ఇనప కుర్చీలు ఊడదీస్తుండగానే కింద మగవాళ్ళు స్తంభాలు కొట్టెయ్యాలన్నాడు. చిలక లేచి బెల్టు పైకి లాక్కుని, చినబాబు గొంతుతోనే అందుకున్నాడు. "పైవాళ్ళు కుర్చీలు పీకండి, కిందవాళ్ళు స్తంభాలు పీకండి. కిందవాళ్ళ పని ముందు అయిపోయిందనుకో, పైవాళ్ళు మెట్లు దిగే శ్రమ కూడా ఉండదు. అర్థమైందా?" కిందవాళ్ళు నవ్వారు. పైన ఆడవాళ్ళు రెయిలింగ్ పట్టుకుని మరీ నవ్వారు. చినబాబు తల మీది హెల్మెట్ తీసి చిలక మూతి మీద కొట్టాడు. పని మాత్రం ఆగింది.

ఆగింది ఆగినట్టే ఉంటే ఎంత బావుండేది.

మర్నాడు పొద్దున బండ హాలు గేటు దాటగానే, చినబాబు రమ్మంటున్నాడని కబురొచ్చింది. బండ అంటే చిలక బావమరిది. పెద్ద పెద్ద రాళ్ళని ఒంటిచేత్తో పగలగొడతాడని ఆ పేరు పెట్టారు. మాటలు తక్కువ, అన్నం ఎక్కువ. వాళ్ళక్క చిలకని చేసుకున్నప్పటి నుంచీ బావాబావమరుదులకి ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే పని. అయితే ఆట పట్టించేది చిలక, పట్టుబడేది బండ. అయినా బావ ఏడిపించని రోజున బండకి అన్నం సయించదు.

చినబాబు ఉండేది ఒకప్పుడు టికెట్లు అమ్మిన గదిలో. చెయ్యి పట్టేంత కంత, దానికి ఇనప చువ్వలు, గోడ నిండా చెమట చేతుల మరకలు. బండ లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయాడు. నేల మీద బావ బోర్లా పడున్నాడు. పాల కోసం వీధిలోకి వెళ్ళినవాణ్ణి అటునుంచి అటే ఎత్తుకొచ్చారట. కొత్త మనిషి ఒకడు అతని మెడ మీద బూటుకాలు వేసి తాపీగా గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మరో ముగ్గురు గోడకి ఆనుకుని ఉన్నారు, చేతుల్లో ఇనప రాడ్లు. ఎక్కడివాళ్ళో, ఎవరికి కాళ్ళు విరగ్గొట్టి వచ్చారో తెలీదు.

బండ ముందుకి కదలబోతే బూటు కింద మెడ కటుక్కుమంది. చిలక మూలిగాడు. బండ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

చినబాబు అరవలేదు. కుర్చీ చూపించాడు, బండ కూర్చోలేదు. ఇవాళ గుంపు పద్ధతి ప్రకారమే పని చేద్దామన్నాడు చినబాబు. తను పథకం చెబుతాడు, చిలక అందరి ముందూ దాన్ని తిరిగి చెబుతాడు, వేషాలు లేకుండా. ఎవరూ నవ్వకపోతే పథకం మంచిదనేగా నాన్న పెట్టిన రూలు? నవ్వకుండా చూడ్డానికి ఈ నలుగురూ ఉన్నారు. అది అయ్యాక చిలక నోరు మళ్ళీ ఎవర్నీ అనుకరించకుండా బండే దవడ విరిచెయ్యాలి, అదీ అందరూ చూస్తుండగా.

"వీళ్ళు మొదలుపెడితే ఎక్కడ ఆపాలో వీళ్ళకి తెలీదు. ప్రాణం పోయేదాకా కొడతారు. నువ్వు కొడితే దవడతో పోతుంది. నీ ఇష్టం," అన్నాడు చినబాబు.

అక్క బాల్కనీ మీద పనిచేస్తుంది బాబూ అని మాత్రం అనగలిగాడు బండ. ఆడవాళ్ళు ఇప్పటికే పైకి ఎక్కేశారని, మెట్ల దగ్గర మనిషి ఉంటాడని చినబాబు చెప్పాడు. ఒక్కొక్క స్తంభమే కొడతారట, రెండోది కొట్టేలోగా కుర్చీలు అయిపోతాయట. చెబుతూ చెబుతూ బెల్టు పైకి లాక్కున్నాడు. అంతలోనే తను ఏం చేశాడో తనకే తెలిసినట్టు చెయ్యి తీసేశాడు. మొహం కందిపోయింది.

"మా నాన్న నన్ను చూసి ఒక్కసారి నవ్వలేదురా. వీడు నాలా నడిచి చూపిస్తే మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నా నడక నాకు తెలిసింది వీణ్ణి చూసే. ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళాలన్నా ముందు ఎలా నడవాలా అని ఆలోచించేవాణ్ణి, తెలుసా నీకు?"

ఈ మనిషికి అన్యాయం జరగలేదని అనడానికి లేదు. హాస్యానికి దెబ్బ తగిలే చోటు తెలుసు గానీ, అక్కడ ఎంత నొప్పి పుడుతుందో అన్నిసార్లూ తెలీదు. అయితే చిన్నప్పుడు పడిన నొప్పికి ఇప్పుడు బాల్కనీ మీది ఆడవాళ్ళ ప్రాణాలు పెట్టి మందు వేసుకుంటానంటే ఎలా? ఈ మాట బండ కడుపులోనే ఉండిపోయింది. అతని మాటలన్నీ అక్కడే ఉంటాయి.

బూటు కింది నుంచి చిలక మాట వచ్చింది. నెత్తురు మింగుతూ మాట్లాడుతున్నాడు.

"నువ్వే కానియ్ బామ్మర్దీ. కుడివైపు పళ్ళు నిన్ననే పోయాయి. ఎడమవైపు కూడా సమానం చేసెయ్, బరువు ఒక పక్కకి లాగుతోంది."

బండకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది, అదే ఘోరం.

హాలు కప్పు రేకులు ఎప్పుడో దించేశారు. తెర ఉండే గోడ కూల్చి అటునుంచే పొక్లెయిన్‌ని లోపలికి తెచ్చారు. కింది కుర్చీలు పోయాక మిగిలిన వాలు నేల మీద మగవాళ్ళంతా గుంపుగా నిలబడ్డారు. వాళ్ళ ఎదురుగా బాల్కనీ, దాని కింద నాలుగు స్తంభాలు, పైన ఆడవాళ్ళు. బోల్టులు విప్పే చప్పుడు ఆగిపోయింది. చిలకని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొస్తుంటే అక్క రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కేక వేసిందంటే మొగుణ్ణి ఇంకా కొడతారని కాబోలు, పమిట నోట్లో కుక్కుకుంది.

చినబాబు పథకం చెప్పాడు. ముసలి మేస్త్రి ఒక్కడే నోరు తెరిచాడు. స్తంభం కొట్టే ముందు పైవాళ్ళని దింపితే పోలేదా బాబూ అని మెల్లగా అడిగాడు. అడగడం పూర్తికాకుండానే రాడ్డు అతని మోకాలి చిప్ప మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. మేస్త్రి కూలబడ్డాడు, కాలు పట్టుకుని దొర్లాడు, తర్వాత అరవడానికి కూడా ఊపిరి చాలక నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

చిలకని నిలబెట్టారు. అతను పథకాన్ని తిరిగి చెప్పాడు. చినబాబు గొంతుతో కాదు, పెద్దాయన గొంతుతో కాదు. సన్నగా, కాస్త జీరగా ఉన్న ఒక గొంతుతో చెప్పాడు. అది చిలక సొంత గొంతు అని అర్థం కావడానికి అందరికీ కాసేపు పట్టింది. ఇన్నేళ్ళలో దాన్ని విన్నవాళ్ళు లేరు, అక్క తప్ప. పైవాళ్ళు కుర్చీలు ఊడదీస్తారు, కిందవాళ్ళు స్తంభాలు కొడతారు. అంతే చెప్పి ఊరుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. చినబాబు ఒక్కొక్క మొహం వైపూ చూసుకుంటూ వెళ్ళాడు, తర్వాత బండ వైపు తల ఊపాడు.

బండ బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. రాడ్డు అందించబోతే తీసుకోలేదు. చిలక మొహం కాస్త పక్కకి తిప్పి ఎడమ దవడ చూపించాడు, కళ్ళు మాత్రం బండ మీదే ఉంచాడు. బండ పిడికిలి బిగించి కొట్టాడు. మెల్లగా కొడితే రెండోసారి కొట్టాల్సి వస్తుందని, ఒక్క దెబ్బకే అయ్యేలా కొట్టాడు. వేళ్ళ కింద ఎముక కదిలి, విరిగి, పక్కకి జారడం అతనికి తెలిసింది. చిలక నేల మీద పడ్డాడు, గడ్డం మొహంలో ఉండాల్సిన చోట లేదు. నోరు మూతపడటం లేదు, దాంట్లోంచి నెత్తురూ చొంగా కలిసి తీగలా సాగాయి. పైనుంచి అక్క అరుపు హాలంతా మోగింది. అందులో మొగుడి పేరు లేదు, తమ్ముడి పేరే ఉంది.

ఇక్కడ ఈ గుంపు చేసిన పని వింటే మీకు ఒళ్ళు మండుతుంది, నాకూ మండుతోంది. వాళ్ళు సమ్మెటలు ఎత్తారు. భయంతో ఎత్తారంటే సగమే నిజం. నవ్వు రాకపోతే పని మొదలుపెట్టాలి అన్నది వాళ్ళ చేతులకి అలవాటైపోయింది. ఎందుకు నవ్వు రాలేదో ఆ చేతులకి తెలీదు. ఇన్నేళ్ళు ప్రాణాలు కాపాడిన పద్ధతే వాళ్ళని తిన్నగా స్తంభాల దగ్గరికి నడిపించింది. పైన ఆడవాళ్ళు కూడా ఏడుస్తూనే మళ్ళీ బోల్టుల మీదికి వంగారు. పొక్లెయిన్ డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

మొదటి స్తంభం బండకే ఇచ్చారు. బండ దాని ముందు నిలబడి పైకి చూశాడు. కొట్టిన చెయ్యి వాచిపోతోంది. సమ్మెట కింద పెట్టి, గుంపు వైపు తిరిగాడు.

"పైన మన ఆడవాళ్ళున్నారు. ఇది కొడితే అది పడిపోద్ది," అన్నాడు.

నిజానికి అందులో తెలియనిదేముంది? ఉన్న మాటని ఉన్నట్టు చెప్పాడు. అందరూ నేల చూపులు చూశారు. ఒకడు చేతిలో ఉమ్మి వేసుకుని సమ్మెట పిడి సవరించుకున్నాడు. నిజం చెప్పేస్తే చాలు పని జరిగిపోతుందని అనుకునేవాళ్ళు ఒకసారి ఆ మొహాలు చూడాల్సింది. రాడ్డు పట్టుకున్నవాడు ఒకడు వచ్చి బండ వీపు మీద అడ్డంగా ఒకటి వేశాడు. బండ వంగి, మళ్ళీ లేచాడు.

అప్పుడు అతను చేసిన పని తెలివైనవాడు ఎవడూ చెయ్యడు. బెల్టు పైకి లాక్కున్నాడు. అతనికి బెల్టు లేదు, లుంగీ ముడి పట్టుకుని లాక్కున్నాడు. మొద్దు గొంతుని పీకనొక్కి సన్నగా చేసి, చినబాబులా మాట్లాడబోయాడు.

"పైవాళ్ళు... అర్థమైందా? కుర్చీలు... ఆ... అర్థమైందా? కిందవాళ్ళు... అర్థమైందా?"

తర్వాత ఏం చెప్పాలో మర్చిపోయాడు. వేలు పైకెత్తి అలాగే నిలబడ్డాడు. ఆ గొంతు చినబాబుది కాదు, ఈ భూమ్మీద ఎవరిదీ కాదు, తలుపు సందులో తోక ఇరుక్కున్న పిల్లిదైతే కావచ్చు. ఇంకో దెబ్బ పడింది, ఈసారి చెవి మీద. నెత్తురు కారుతుండగా మళ్ళీ లుంగీ లాక్కుని, "అర్థమైందా?" అన్నాడు.

పుసుక్కుమని ఎవరో నవ్వారు.

గుంపులోవాళ్ళు కాదు. మెట్ల దగ్గర కాపలా పెట్టిన కిరాయి మనిషి. వాడికి ఈ పద్ధతీ తెలీదు, చినబాబు అంటే భయమూ లేదు, పొద్దున్నుంచి చినబాబు బెల్టు లాక్కోవడం చూస్తూ లోపల్లోపలే ఉగ్గబట్టుకుని ఉన్నాడు. ఒకసారి బయటపడ్డాక ఆపుకోలేకపోయాడు. రాడ్డు మెట్టు మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, "అచ్చం మీరే అన్నా, అచ్చం మీరే" అని చినబాబుకే చెబుతూ పగలబడి నవ్వాడు.

ఎవరు నవ్వినా నవ్వే. ముసలి మేస్త్రి నేల మీది నుంచి, విరిగిన మోకాలు పట్టుకునే, "ఆపండ్రా" అన్నాడు. సమ్మెటలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. డ్రైవరు ఇంజను అలా నడుస్తుండగానే పొక్లెయిన్ దిగి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆడవాళ్ళు చేతిలో పనిముట్లు ఎక్కడివక్కడ పడేసి, నవ్వుతున్న మనిషిని తోసుకుంటూ మెట్లు దిగిపోయారు. తక్కిన ముగ్గురికీ ఎవర్ని కొట్టాలో తోచలేదు. ఇంతమందినా?

దిగినవాళ్ళలో అక్క లేదు.

బండ తల ఎత్తాడు. అక్క బాల్కనీ ముందు వరసలో, ఆ వరసకి మిగిలిన ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని ఉంది. నోట్లోంచి పమిట తీసేసింది. మొగుణ్ణి బండి ఎక్కించి ఆసుపత్రికి పంపేదాకా దిగనని చినబాబుతో చెప్పింది. బండి గేటు దాటడం ఇక్కణ్ణుంచి తన కళ్ళతో చూస్తానంది. మనిషి పైన ఉండగా స్తంభం ముట్టుకునే దమ్ము ఎవరికీ లేదని కూడా అంది. ఆమె లెక్క తప్పు కాదు, మామూలు మనుషుల విషయంలో.

"దిగి రా అక్కా. నీకు దణ్ణం పెడతాను," అన్నాడు బండ.

"నీ మాట మీద దిగే రోజు పోయిందిరా. ఆ చేత్తో దణ్ణం కూడా పెట్టకు," అంది అక్క.

ఆ మాట రాడ్డు దెబ్బల కంటే లోతుగా దిగింది. దవడ విరిస్తే ప్రాణం దక్కుతుందనుకున్నాడు. అక్క తన మాట నమ్మాల్సిన గడియ ఒకటి వస్తుందని ఆ తెలివికి తట్టలేదు.

చినబాబు కదిలాడు. నవ్వుతున్నవాడి పక్క నుంచి నడిచాడు. గుంపు మధ్య నుంచి నడిచాడు, ఈసారి ఎలా నడుస్తున్నాడో ఆలోచించకుండా నడిచాడు. నడుస్తున్న ఇంజనుతో ఖాళీగా ఉన్న పొక్లెయిన్ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఊరికే బెదిరిస్తున్నాడని అక్క అనుకుంది. గుంపులో సగం మందీ అదే అనుకున్నారు. బండకి ఏమనుకోవాలో తెలీలేదు.

తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషి నడక, చూపు, అవమానం, కోపం అన్నీ ఏళ్ళ తరబడి తన ఒంట్లోకి దించుకుని తిరిగినవాడు. చినబాబు ఎంతదూరం వెళ్తాడో చినబాబు కంటే చిలకకే బాగా తెలుసు. అతను మోచేతుల మీద లేచాడు. వేలాడుతున్న దవడని అరచేత్తో పైకి ఎత్తి పట్టుకుని, బాల్కనీ వైపు చూస్తూ ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి గాలి వచ్చింది, నెత్తురు వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. బండ పరుగున మెట్ల వైపు వెళ్ళాడు. పొక్లెయిన్ తొండం మెల్లగా లేచి స్తంభం వైపు తిరిగింది.

మొగుడు ఏదో చెబుతున్నాడని అక్కకి తెలిసింది. ఇంజను హోరులో వినపడక, కుర్చీలోంచి లేచి, రెయిలింగ్ మీది నుంచి బాగా ముందుకి వంగింది. ఇనప బకెట్టు స్తంభాన్ని గుద్దుకుంది.